ప్రేమ పేరుతో హింస జరుగుతుంటే సంఘం ఎందుకు ఊరకుండాలి?



ఈ వారం ధ్యానానికి రెండవ సమూయేలు గ్రంథము పదమూడవ అధ్యాయం తెరవండి. చాలా సంఘాల్లో ఈ అధ్యాయం మీద ప్రసంగం వినిపించదు. పన్నెండులో నాతాను ప్రవక్త దావీదును గద్దించిన సంగతి చెబుతారు, అక్కడి నుండి పదిహేనులో అబ్షాలోము తిరుగుబాటుకు వెళ్లిపోతారు. మధ్యలో తామారును దాటేస్తారు. ఎందుకయ్యా అంటే, పిల్లలు కూర్చుని ఉంటారు, అవన్నీ ఎందుకు అంటారు. పిల్లలు కూర్చుని ఉంటారు కాబట్టే చెప్పాలని మేము అంటున్నాము.

అమ్నోను దావీదుకు పెద్ద కుమారుడు. తామారు అతనికి సవతి చెల్లెలు. ఆమె మీద ప్రేమ అనుకుని మనిషి చిక్కిపోయాడు. పెదతండ్రి కొడుకు యెహోనాదాబు వచ్చి ఉపాయం చెప్పాడు. రోగం వచ్చినట్టు పడుకోమన్నాడు, తండ్రి చేతనే ఆమెను రప్పించుకోమన్నాడు. ఆమె వచ్చింది, పిండి పిసికి రొట్టెలు కాల్చింది. అతడు గదిలో అందరినీ బయటకు పంపాడు. ఆమె వద్దంది. ఒక్కసారి అని ఊరుకోలేదు, కారణాలు చెప్పింది, బతిమాలింది. అతడు వినలేదు. బలవంతం చేశాక ఆ ప్రేమంతా ఏమైపోయింది? దానికి మించిన ద్వేషం పుట్టిందని, పనివాణ్ణి పిలిచి ఆమెను బయటికి నెట్టించి తలుపు గడియ వేయించాడని గ్రంథం చెబుతోంది.

మూడు వేల ఏళ్ల నాటి సంగతి కదా అనుకోకండి. ఇంటర్ చదివే పిల్లలతో పది నిమిషాలు నిదానంగా మాట్లాడి చూడండి. రోగం నటించిన అమ్నోను ఇప్పుడు "నువ్వు రాకపోతే చేయి కోసుకుంటా" అని అర్ధరాత్రి ఫోటో పంపుతున్నాడు. కబుర్లతో గదికి రప్పించుకున్న అమ్నోను ఇప్పుడు "నా మీద నమ్మకం లేదా, ఒక్క ఫోటో పంపలేవా" అంటున్నాడు. పంపిన మరునాటి నుండి స్వరం మారుతుంది. అక్కడి నుండి ప్రతిదానికీ ఆ ఫోటోయే బెదిరింపు.

కొట్టినప్పుడే హింస అనుకునే పెద్దలకు ఒక మాట. దెబ్బ చివరన వస్తుంది. ముందు ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతాడు, ప్రేమలో దాపరికం ఏమిటంటాడు. తర్వాత లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టమంటాడు. బస్సులో ఎవరి పక్కన కూర్చున్నావో వీడియో కాల్‌లో చూపించమంటాడు. పదకొండు గంటలకు ఆన్‌లైన్‌లో పచ్చచుక్క కనబడితే ఎవడితో మాట్లాడుతున్నావని వంద మెసేజ్‌లు. క్వైర్‌లో పాడొద్దు, అక్కడ మగపిల్లలు ఉంటారు. ఫలానా స్నేహితురాలితో తిరగొద్దు, అది నిన్ను చెడగొడుతోంది. ఈ బట్టలు వద్దు. మా అమ్మాయిలు ఇదంతా "వాడికి నేనంటే ప్రాణం" అని గొప్పగా చెప్పుకుంటారు. ఆరు నెలలకు చూస్తే ఆ పిల్లకు ఒక్క స్నేహితురాలు మిగలదు. యూత్ మీటింగ్‌కు రాదు, వచ్చినా ఒళ్లో ఫోన్ పెట్టుకుని ఉలిక్కిపడుతూ ఉంటుంది. అప్పుడు మొదటి చెంపదెబ్బ పడుతుంది. ఆ వెంటనే కాళ్ల మీద పడి ఏడుపు. ఆ ఏడుపు చూసి పిల్ల కరిగిపోతుంది. పది రోజులు బాగుంటుంది. మళ్లీ మొదలు.

తల్లిదండ్రులారా, మందిరానికి క్రమంగా వచ్చే పిల్ల రెండు నెలలు కనబడకపోతే "చదువు ఒత్తిడి" అని సరిపెట్టుకోకండి. ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కా ఎందుకు వేసుకుందో, ఫోన్ మోగగానే ముఖం ఎందుకు పాలిపోతోందో చూడండి. చూడమంటున్నాము, కేకలు వేయమనడం లేదు.

ఇక్కడే మా వాదన అంతా ఉంది. కొంతమందికి కోపం వచ్చినా సరే, చెప్పే తీరాలి.

బెదిరించేవాడికి బలం ఎక్కడి నుండి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ ఫోటోలో నుండి కాదు. "మీ నాన్నకు పంపిస్తా" అనే మాటలో నుండి వస్తుంది. ఆ మాటకు పిల్ల వణికిపోతుందంటే దానికి కారణం వాడొక్కడే కాదు. నాన్నకు తెలిస్తే ఏం జరుగుతుందో ఆ పిల్లకు తెలుసు. ఫోన్ పగలగొడతారు, కాలేజీ మాన్పిస్తారు, అమ్మ గుండెలు బాదుకుంటుంది, మేనమామలు వచ్చి సంబంధం చూస్తారు, మూడు నెలల్లో పెళ్లి. పక్కింటి పిల్ల విషయంలో అలా జరగడం కళ్లారా చూసింది. అందుకని వాడు అడిగిందల్లా ఇస్తుంది, డబ్బు అడిగితే చెవి కమ్మలు తీసి ఇస్తుంది, రమ్మన్న చోటికి వెళ్తుంది. మనం ఎంత కఠినంగా ఉంటే అంత కాపాడుతున్నామనుకుంటాం. తాళం మనం చేసి పెడితే, తాళంచెవి వాడి చేతికి పోతోంది. కఠినమైన ఇంట్లోని పిల్లను బెదిరించడమే వాడికి చాలా తేలిక.

"మా ఇంట్లో అలాంటి పెళ్లి చేయం" అనేవాళ్లకు లెక్క చెబుతాము. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుండి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లి అయిపోయింది. తెలంగాణలో 23.5 శాతం. 2006లోనే బాల్యవివాహ నిషేధ చట్టం వచ్చినా పరిస్థితి ఇది. ఈ పెళ్లిళ్లలో ఎన్ని "పిల్ల ఎవడితోనో మాట్లాడుతోందట" అన్న ఒక్క మాట మీద జరిగాయో మన ఊళ్లో పెద్దవాళ్లకు తెలియంది కాదు. దెబ్బలు తిన్న పిల్లకు శిక్ష, కొట్టినవాడికి కొత్త బైకు. ఇదేనా మన న్యాయం?

ఇంకొక సంగతి. ఇంట్లో విషయం బయటపడగానే మొదటి ప్రశ్న ఏమిటి? "వాడు నిన్ను ఏమన్నా చేశాడా అమ్మా" అని కాదు. "ఎవరి పిల్లాడు? ఏ కులం?" క్రీస్తులో అందరం ఒక్కటే అని ఆదివారం పాడి, సోమవారం ఇదే ప్రశ్న అడిగే ఇళ్లు మన సంఘంలోనూ ఉన్నాయి. సొంత కులంవాడైతే చెంపదెబ్బ కూడా "మగపిల్లాడు, కోపం ఎక్కువ" అయిపోతుంది. వేరే కులంవాడైతే ఆ కుర్రాడు ఎంత మర్యాదస్తుడైనా రౌడీ కింద లెక్క. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఏం జరిగిందో మరిచిపోలేదు కదా. దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన యువకుణ్ణి, గర్భవతిగా ఉన్న భార్య కళ్లముందే ఆసుపత్రి బయట నరికించారు. డబ్బిచ్చి ఆ పని చేయించింది ఆమె తండ్రి అని పోలీసులు తేల్చారు. అక్కడ ప్రేమించినవాడు హింస చేయలేదు, పరువు కోసం కన్నతండ్రి చేశాడు. కనుక పిల్లలు ప్రేమించారా లేదా అన్న ఒక్క విషయం పట్టుకుని వేలాడకండి. ఆ బంధంలో భయం ఉందా, లేదా? అది అడగండి.

మళ్లీ తామారు దగ్గరకు వద్దాం. ఆమె బూడిద తలమీద పోసుకుని, రంగుల అంగీ చింపుకుని, ఏడుస్తూ వీధిలో నడిచింది. ఆమె దాచలేదు, గమనించండి. అందరికీ కనబడేలా నడిచింది. అయితే అన్న అబ్షాలోము ఏమన్నాడు? వాడు నీ అన్నే కదా, ఇది మనసులో పెట్టుకోకు, నోరు మెదపకు అన్నాడు. తండ్రి దావీదు? బహుగా కోపపడ్డాడు, అంతే. రాజు చేతిలో ఉన్న అధికారం అంతా కోపం దగ్గరే ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత అబ్షాలోము గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగకు పిలిచి అమ్నోనును చంపించాడు. తామారుకు దానివల్ల ఏమి ఒరిగింది? అన్న ఇంట్లో మోడులా మిగిలిపోయింది.

మన రాష్ట్రాల్లో ఇదే నడుస్తోంది. మొదట "పరువు, ఊరుకో". ఆ తర్వాత ఘోరం జరిగాక "చంపేయండి". 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు అమ్మాయిల మీద యాసిడ్ పోశారు, ఒకరు ప్రాణం విడిచారు. నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం మిఠాయిలు పంచారు. 2021 ఆగస్టు 15న, జెండా పండుగ రోజున, గుంటూరులో బీటెక్ చదివే అమ్మాయిని పట్టపగలు నడిరోడ్డు మీద కత్తితో పొడిచి చంపాడు ఒకడు. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమై, ఆమె దూరం పెట్టేసరికి కక్ష కట్టాడని పోలీసులు చెప్పారు. తొమ్మిది నెలలు తిరగకముందే, 2022 ఏప్రిల్‌లో, గుంటూరు ప్రత్యేక కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. కోర్టు త్వరగా పని చేసినందుకు దేవునికి స్తోత్రం. కానీ శిక్ష పడితే పిల్ల తిరిగి రాదు. వద్దన్నాక వెంటపడటం మొదలైన రోజే ఊరూ వాడా, ఇల్లూ కాలేజీ నిలబడాలి. ఆ రోజు మనకు అది "చిన్న విషయం". సినిమాలో హీరో కాలేజీ గేటు దగ్గర కాపు కాసి, బస్సెక్కి, ఇంటి దాకా వస్తే ఈలలు వేసి చూసినవాళ్లం కదా, చిన్నదిగానే కనబడుతుంది మరి.

ఆ చిన్న విషయం 2013 నుండి మన దేశంలో నేరం. ఒక స్త్రీ ఇష్టం లేదని చెప్పాక పదే పదే వెంటపడినా, ఫోన్‌లో వెంటాడినా శిక్ష ఉంది. 2024 జూలై 1 నుండి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. మొదటిసారికి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. ఐటీ చట్టం 67బి ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల అలాంటి ఫోటో పంపడమే కాదు, ఫోన్‌లో ఉంచుకోవడం కూడా నేరమే. యూత్ గ్రూపులో "ఇది చూశారా" అని ఫార్వర్డ్ చేసే తమ్ముళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి.

ఈ తమ్ముళ్లతోనే మాకు పని ఉంది. అమ్నోనుకు యెహోనాదాబు లేకపోతే ఆ పాపం అంత సుళువుగా జరిగేది కాదు. మన ఊళ్లో యెహోనాదాబులు ఎంతమంది? నంబరు తెచ్చి ఇచ్చేవాడు, బస్టాండు దగ్గర కాపలా ఉండేవాడు, గది తాళం చూసేవాడు, దొంగ పేరుతో ఐడీ తెరిచి ఇచ్చేవాడు. అడిగితే "నేనేం చేశాను పాస్టరుగారూ, ఫ్రెండ్ కదా" అంటాడు. గ్రంథం ఆ మనిషిని కపటముగలవాడు అంది, స్నేహధర్మం పాటించినవాడు అనలేదు. నీ స్నేహితుడు ఆమెను ఏడిపిస్తుంటే వాడి భుజం పట్టుకుని ఆపగలిగేది నువ్వే. మా మాట వాడు వినడు, నీ మాట వింటాడు.

మగపిల్లలు కూడా ఈ ఉచ్చులో పడతారు. నవ్వకండి. దెలీలా సమ్సోనును ఎలా గెలిచింది? బలంతో కాదు. నన్ను ప్రేమిస్తున్నానంటావు, నీ రహస్యం నాకు చెప్పవు అని దినదినము వేధించింది, అతనికి ప్రాణం విసిగిపోయేదాకా. ఈ కాలం మాటల్లో అది పాస్‌వర్డ్ అడగడమే. కేసు పెడతానని బెదిరించి డబ్బు లాగడం, చచ్చిపోతానని భయపెట్టి చదువు మాన్పించడం కుర్రాళ్లకూ జరుగుతోంది. "మగాడివి కదరా" అనే మాటకు భయపడి వాళ్లు అసలు నోరు తెరవరు.

ఇప్పుడు క్షమాపణ సంగతి. కొందరు సేవకులు, పెద్దలు, ఏడుస్తూ వచ్చిన పిల్లతో "క్షమించమ్మా, వాడు మారుమనస్సు పొందాడు, మళ్లీ మాట్లాడు" అంటున్నారు. ఇంకా ఘోరం, "జరిగిందేదో జరిగింది, వాడికే ఇచ్చి చేసేద్దాం" అంటున్నారు. ఇది వాక్యానుసారం కాదని ఖండితంగా చెబుతున్నాము. సౌలు దావీదు మీద ఈటె విసిరాడు. ఒకసారి కాదు. దావీదు సౌలును క్షమించాడు, చేతికి చిక్కినా చంపలేదు, గుహలో వస్త్రపు చెంగు కోసి వదిలేశాడు. సౌలు బిగ్గరగా ఏడ్చాడు, నా కుమారుడా అన్నాడు, నీవే నీతిమంతుడవు అని ఒప్పుకున్నాడు. అంత ఏడుపు చూశాక దావీదు ఏం చేశాడు? సౌలు ఇంటికి వెళ్లిపోయాడు, దావీదు మాత్రం తన కొండ స్థలానికే వెళ్లాడు. ఈటె అందే దూరానికి మళ్లీ వెళ్లలేదు. అలాంటి దావీదును ఎవరైనా క్షమించని మనిషి అంటారా? బిడ్డలారా, క్షమించడం వేరు, వాడి చేతికి అందేలా వెళ్లి నిలబడటం వేరు.

దీనితో పాటే ఒక హెచ్చరిక. విడిపోతానని చెప్పినప్పుడే ప్రమాదం ఎక్కువ. "చివరిసారి ఒక్కసారి కలువు, మాట్లాడుకుని విడిపోదాం" అంటాడు. వెళ్లొద్దు. ఒంటరిగా అసలే వద్దు. చెప్పాల్సింది ఫోన్‌లో ఒక్కసారి చెప్పి, ఆ మెసేజ్ దాచుకుని, ఇంట్లో ఒక పెద్దవారికి చెప్పి, కాలేజీకి కొన్నాళ్లు తోడుతో వెళ్లండి.

"ఇవన్నీ సంఘంలో మాట్లాడితే పిల్లలకు లేని ఆలోచనలు రావా" అని అడిగిన పెద్దాయనకు మేము మర్యాదగానే జవాబు చెబుతున్నాము. అయ్యా, ఆలోచనలు నేర్పడానికి రోజుకు నాలుగు గంటలు రీల్స్ ఉన్నాయి. మనం మాట్లాడకపోతే వాళ్లకు ఆ మాటే మిగులుతుంది. పదహారేళ్ల వయసులో ప్రేమలు వద్దనే మేమూ చెబుతాము, చదువుకోండి అనే చెబుతాము. కానీ ఆ మాట వినని పిల్ల దెబ్బలు తినడానికి తగినది అని ఏ వాక్యంలో ఉంది? తప్పిపోయిన గొర్రెకు ముళ్లు గుచ్చుకుంటే ముందు ముళ్లు తీస్తాడు కాపరి.

కాబట్టి ఈ రాత్రే ప్రతి తల్లి, ప్రతి తండ్రి మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ మాట చెప్పండి: "ఏం జరిగినా, నువ్వు ఏం చేసినా, ముందు మాకు చెప్పు. నీ చదువు ఆగదు. నీకు పెళ్లి చేసి పంపించం." చెప్పాక ఆ మాట మీద నిలబడండి. ఈ మాట నిజంగా నమ్మిన పిల్లను ఎవడూ "మీ నాన్నకు చెప్తా" అని బెదిరించలేడు. చెబితే చెప్పుకో అంటుంది.

విషయం మీ దాకా వస్తే, ఫోన్ పగలగొట్టకండి, మెసేజ్‌లు చెరిపేయకండి. సాక్ష్యం అంతా అందులోనే ఉంటుంది. తేదీ, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. అడిగిన డబ్బు ఇవ్వకండి, ఒకసారి ఇస్తే ఆగదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు, డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి. 18 ఏళ్లలోపు ఉన్నప్పుడు తీసిన ఫోటో అయితే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోన్ దాటి బయటకు పోదు. దాని గుర్తు మాత్రమే అక్కడికి చేరుతుంది. ఆ సేవలో చేరిన ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలు ఆ గుర్తుతో వెతికి దాన్ని తీసేస్తాయి. పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181, ప్రాణాపాయమైతే 112. తెలంగాణలో ఉన్నవారికి 2014లో మొదలైన షీ టీమ్స్ ఉన్నాయి, అక్కడ ఫిర్యాదు చేసినవారి పేరు గుట్టుగా ఉంచుతారు.

పోక్సో చట్టం 2012లో వచ్చింది. 18 ఏళ్లలోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోతే, తెలిసినవారి మీద కూడా కేసు ఉంటుంది. పాస్టరుకైనా, సంఘ పెద్దకైనా, గ్రామ పెద్దకైనా మినహాయింపు లేదు. అందుచేత అలాంటి విషయం మా దగ్గరకు తెచ్చి "లోపల్లోపల సెటిల్ చేయండి పాస్టరుగారూ" అని అడగకండి, మేము చేయము. మీతో పాటు స్టేషన్‌కు వస్తాము, కోర్టు వాయిదాలకు వస్తాము, రాజీ పత్రం మీద మాత్రం సంతకం పెట్టము. అదే సమయంలో, కులం నచ్చక, కుర్రాణ్ణి ఇరికించడానికి అబద్ధపు వయసు చెప్పి సాక్ష్యం పలకమని అడిగినా మా జవాబు ఇదే.

వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం యూత్ మీటింగ్‌లో ఈ అధ్యాయమే ధ్యానిస్తాము, మగపిల్లలకు వేరుగా, ఆడపిల్లలకు వేరుగా. ఆ మరునాడు ఆదివారం తల్లిదండ్రులకు. మాట్లాడాలనుకున్న పిల్లలు ఎవరైనా ఆరాధన అయ్యాక సండే స్కూల్ గదిలో అమ్మగారి దగ్గరకు రండి. తలుపు తీసే ఉంటుంది, కానీ ఎవరూ వినరు. మీరు ఏం చెప్పారో ప్రార్థన విన్నపాల్లో చదవము, పేరు చెప్పి ప్రార్థన చేయించము. దూరంలో ఉన్నవారు మా ఫోన్‌కు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి, మేమే తిరిగి చేస్తాము, రాత్రి అయినా సరే.